దీపం కొండెక్కింది

మా ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని అనకూడదు. "కొండెక్కింది" అనాలి. కాపురానికి వచ్చిన కొత్తలో నేనొకసారి పూజగదిలోంచి "అత్తయ్యగారూ, దీపం ఆరిపోయిందండీ!" అని కేకేశాను. ఆవిడ చూసిన చూపుకి నేనే సగం ఆరిపోయాను. మళ్ళీ ఇన్నేళ్ళలో ఆ మాట నా నోట రాలేదు.

అయితే ఒక దీపం నిజంగానే కొండమీద వెలిగి, కొండ దిగాక కొండెక్కడం కూడా ఉంటుందని నాకు ఈమధ్యే తెలిసింది. అది పూజగదిలో దీపం కాదు. మా కారులోది.

మేముండేది గోపాలపట్నంలో. ఒకపక్క రైలు పట్టాలు, ఇంకోపక్క సింహాచలం కొండ. ఒక శనివారం పొద్దున్నే అత్తయ్యగారికి అప్పన్న దర్శనం చేయించి, తిరిగి ఘాట్ రోడ్డు దిగుతున్నాం. మావారు నడుపుతున్నారు. వెనక సీట్లో అత్తయ్యగారు, మా అమ్మాయి. నేను ముందు కూర్చుని ప్రసాదం పొట్లం ఒళ్ళో పెట్టుకుని, అది ఒలికిపోతుందేమో అన్న ఒక్క బెంగతో ఉన్నాను. మలుపు తిరుగుతుండగా స్టీరింగు వెనకాల అంకెల మధ్య ఒక పసుపు దీపం చటుక్కున వెలిగింది. గుండ్రటి గీత, దాని నడుమ ఏ, బీ, ఎస్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు.

"ఏమిటండీ అది?"

"ఏదో సెన్సారు అయుంటుందిలే."

"ఆపి చూడకూడదూ?"

"ఆపితే నీకేం తెలుస్తుంది, నాకేం తెలుస్తుంది? బ్రేకు పడుతోందిగా!"

ఆయన అన్నదీ నిజమే. బ్రేకు పడింది. ఇంటికి క్షేమంగా చేరాం. మర్నాడు మావారు దారిలో కనిపించిన ఒక షెడ్డుకి కారు తీసుకెళ్ళి, గంటలో తిరిగొచ్చారు. దీపం లేదు. పన్నెండు వందలు తీసుకున్నారట. "చూశావా, ఎంత సులువుగా పోయిందో!" అన్నారు. నేనూ సంతోషించాను. ఇంట్లో ఆడవాళ్ళం వంద విషయాలకి బెంగపెట్టుకుంటాం. అందులో ఒకటి తగ్గిందంటే ఎవరికి చేదు?

పదిరోజులు గడిచాయి. మా అమ్మాయి అప్పుడే డ్రైవింగు నేర్చుకుంటోంది. ఈ కాలం పిల్లలకి పుస్తకం చదివే అలవాటు లేదని మనం వాపోతాం కదా, ఇది మాత్రం కారుతో వచ్చిన చిన్న పుస్తకం బయటికి తీసి మొదటినుంచీ చదువుతోంది. మేం కొన్న ఇన్నేళ్ళలో దాన్ని తెరిచిన పాపాన పోలేదు. ఒకనాడు సాయంత్రం అది అరుగు మీదనుంచి పిలిచింది.

"అమ్మా! తాళం తిప్పగానే దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, కొన్ని సెకన్లలో పోవాలిట. అలా వెలిగితేనే దీపం బాగున్నట్టు. మన కారులో ఏబీఎస్ దీపం అసలు వెలగటమే లేదు."

"పోయిందిగా, బాగుచేశారుగా?"

"బాగుచేస్తే వెలిగి పోవాలమ్మా. వెలగకుండానే పోయిందంటే..."

ఆ వాక్యం అది పూర్తిచెయ్యలేదు. అక్కర్లేకపోయింది.

మా వీధి చివర ఒక పెద్దాయన షెడ్డు ఉంది. నలభై ఏళ్ళుగా ఆయన చేతులకి గ్రీజు వదలలేదు. ఆయనే డ్యాష్‌బోర్డు విప్పి, మీటరు బోర్డు బయటికి లాగి చూశాడు. దీపం వెనకాల శుభ్రంగా నల్ల టేపు ముక్క అంటించి ఉంది!

"ఎవలో టేపెట్టేసినారమ్మా. రోగం తగ్గించనేదు, రోగి నోరు మూసేసినారు" అన్నాడు.

పన్నెండు వందలు పోయినందుకు నాకు కోపం రాలేదు. ఆ పదిరోజుల్లోనూ ఆ కారులో వానలో రెండుసార్లు అమ్మాయిని పరీక్షకి దింపాను. ఆ సంగతి గుర్తొచ్చేసరికి కాళ్ళు చల్లబడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టక, అసలీ దీపం ఎక్కడ పుట్టింది, దాని తాతముత్తాతలెవరు అని వెతకడం మొదలుపెట్టాను. నవలలు రాసుకునేదానికి ఇదేం పని అని మావారు నవ్వారు. కానీ తవ్వినకొద్దీ అది నవలకన్నా బాగుంది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

*

ముందు బ్రేకు సంగతి. మోటారు కారు చరిత్రలో బ్రేకుకి మొదటి మరమ్మతు చేయించింది ఒక ఆడమనిషి అంటే నమ్ముతారా? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకి చెప్పకుండా బయటికి తీసింది. ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఉన్న ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. అంతవరకూ ఎవరూ మోటారు బండి మీద అంతదూరం వెళ్ళలేదు. దారిలో పెట్రోలు బంకు ఎక్కడిది? మందుల షాపులో శుద్ధిచేసే ద్రవం కొని పోయించుకుంది. పైపు అడ్డుపడితే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి శుభ్రం చేసింది. కొండదిగుడు వచ్చేసరికి చెక్క బ్రేకులు అరిగిపోయాయి. అప్పుడామె ఒక చెప్పులు కుట్టేవాణ్ణి పిలిచి, ఆ చెక్కలమీద తోలు ముక్కలు కొట్టించింది. ఇవాళ మన కార్లలో అరిగిపోయినప్పుడల్లా మార్చే బ్రేకు లైనింగుకి అదే మొదలు.

పుట్టింటికి వెళ్ళాలన్న ఆరాటం ఆడదానిచేత ఎంత పనైనా చేయిస్తుంది!

మరో ఇల్లాలి సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో మూకీ సినిమాల తార ఫ్లోరెన్స్ లారెన్స్‌కి కార్లంటే పిచ్చి. 1914 ప్రాంతంలో, బ్రేకు తొక్కగానే కారు వెనకాల "స్టాప్" అన్న పలక పైకి లేచే ఏర్పాటు ఆమె ఆలోచించింది. దానిమీద పేటెంటు మాత్రం తీసుకోలేదు. మన కార్ల వెనక వెలిగే ఎర్రదీపాల వంశవృక్షంలో ఆమె పేరు ఉండాలి. కానీ ఎంతమందికి తెలుసు? వంటింటి చిట్కాల్లాగే, రాసిపెట్టుకోని తెలివి ఎవరిదో తెలియకుండానే అందరిదీ అయిపోతుంది.

*

ఇక చక్రం బిగుసుకుపోవడం. గోపాలపట్నంలో ఉండేవాళ్ళకి దీన్ని రైలు భాషలో చెబితే సులువుగా బోధపడుతుంది. రాత్రిపూట గూడ్సు బండి పోతున్నప్పుడు వినండి. కొన్ని పెట్టెలు సాఫీగా పోతాయి. మధ్యలో ఒకటి టక్, టక్, టక్ అని చక్రం తిరిగినప్పుడల్లా కొడుతూ పోతుంది. ఎప్పుడో బ్రేకు మరీ గట్టిగా పట్టి, చక్రం తిరగడం మానేసి పట్టామీద జారిందన్నమాట. జారినచోట ఇనుము అరిగి చదునుపడింది. గుండ్రంగా ఉండాల్సినది ఒకచోట బల్లపరుపు అయ్యేసరికి ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ. చక్రాన్ని మళ్ళీ తరిగి గుండ్రం చేసేదాకా ఆ దెబ్బ తప్పదు.

మన కొత్తవలస-కిరండూలు లైను 1960లలో బైలాడిలా ఇనుపఖనిజం జపానుకి పంపడానికి వేసినది. శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తెక్కి, అక్కణ్ణించి సముద్రం దాకా దిగి రావాలి. ఖనిజం నింపుకున్న బండికి ఎక్కడం ఒక కష్టమైతే, ఆ బరువుతో దిగడం ఇంకా కష్టం. అలాంటి దారిలో ఇంజనుకన్నా బ్రేకు గొప్పది. అందుకే చక్రం జారకుండా చూడాలన్న ఆలోచన కారువాళ్ళకన్నా ముందే రైలువాళ్ళకి వచ్చింది. 1908లోనే జె.ఇ. ఫ్రాన్సిస్ అనే ఆయన రైలుచక్రాలు జారకుండా ఆపే నియంత్రణ యంత్రాన్ని ప్రతిపాదించాడు.

రోడ్డుమీద ఈ జారుడు మరీ ప్రమాదం. తిరుగుతున్న చక్రం నేలని పట్టుకుంటుంది. బిగుసుకున్న చక్రం నేలమీద ఈడ్చుకుపోతుంది. తడిసిన బండమీద చెప్పు జారితే మనం ఎటు తిరగాలనుకున్నా తిరగలేం కదా, అంతే. ముందు చక్రాలు బిగుసుకున్నాక స్టీరింగు ఎంత తిప్పినా కారు ముక్కుసూటిగానే పోతుంది. అందుకే పాతకాలం డ్రైవర్లు వానలో బ్రేకుని ఒక్కసారిగా అదిమేవారు కాదు. తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆపేవారు. మా నాన్నగారు అలాగే ఆపేవారు. ఆ ఊపుకి వెనక కూర్చున్న మాకు కడుపులో తిప్పేది. ఆయన పాదంలో ఉన్న విద్య అదని అప్పుడు తెలియలేదు.

ఆ పాదం పని యంత్రంచేత చేయించడమే ఈ మూడక్షరాల ఏబీఎస్. మొదట అది విమానాల్లో కుదిరింది. 1950ల తొలినాళ్ళలో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ మాక్సారెట్ అనే పరికరం చేసింది. చక్రం ఉన్నట్టుండి నెమ్మదిస్తే, దానితో తిరిగే చిన్న బరువుచక్రం ఆ తేడా పట్టి, బ్రేకు ఒత్తిడి ఒక్క క్షణం వదిలేది. అందులో కరెంటూ లేదు, లెక్కలూ లేవు, అంతా ఇనుప తెలివే. 1958లో దాన్ని ఒక మోటారు సైకిలుకి కూడా బిగించి పరీక్షించారు. ఏ మోటారు సైకిలో తెలుసా? రాయల్ ఎన్‌ఫీల్డు! మన బుల్లెట్టు పుట్టిన ఇంటిదే. పరీక్షలో మంచి ఫలితమే వచ్చింది. కానీ కంపెనీ సాంకేతిక పెద్దకి దీనికేం భవిష్యత్తు కనిపించలేదు. అక్కడితో మూలపడింది. తరవాత అరవై ఏళ్ళకి, 2018 ఏప్రిల్‌నుంచి కొత్త మోడళ్ళకీ, 2019 ఏప్రిల్‌నుంచి అన్నిటికీ, 125 సీసీ దాటిన మోటారు సైకిళ్ళకు ఏబీఎస్ ఉండి తీరాలని మనదేశంలో చట్టం వచ్చింది. కార్లకీ దాదాపు అప్పుడే తప్పనిసరి అయింది. మంచి ఆలోచన పుట్టడం ఒక ఎత్తు, పెద్దవాళ్ళు ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. పెళ్ళిసంబంధాల్లో మనకిది కొత్తకాదు.

కార్లలో ఈ సంగతి గట్టిగా పట్టుకున్నది జర్మన్లు. 1970లోనే మెర్సిడిస్‌వాళ్ళు ఒక నమూనా చూపించారు. అయితే అందులో వెయ్యి దాకా ఎలక్ట్రానిక్ విడిభాగాలు. వెయ్యి ముక్కల్లో ఏ ఒక్కటి మొరాయించినా బ్రేకు సంగతి ఏమవుతుంది? అమ్మడానికి ధైర్యం చాల్లేదు. డిజిటల్ పద్ధతి వచ్చి ఆ వెయ్యి ముక్కలు 140కి తగ్గేదాకా ఆగారు. 1978లో బాష్ కంపెనీ చేసిన ఏబీఎస్ మెర్సిడిస్ పెద్దకారులో అమ్మకానికి వచ్చింది. ఎనిమిదేళ్ళ నిరీక్షణ! "అయినంతవరకు బాగానే ఉంది" అని తొందరపడి అమ్మేయకుండా, నమ్మకం కుదిరేదాకా ఆగిన ఆ ఎనిమిదేళ్ళే ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

అది పనిచేసే తీరు వంటింట్లో పాలపొంగు చూసే ఇల్లాలి తీరే. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ళ రింగు తిరుగుతుంటుంది. దాని పక్కన అయస్కాంతం ఉన్న ఒక సెన్సారు. పళ్ళు ఎంత వేగంగా దాటిపోతున్నాయో లెక్కపెట్టి, సన్నని తీగద్వారా ఒక చిన్న పెట్టెకి చెబుతుంది. ఆ పెట్టె నాలుగు చక్రాల లెక్కలూ పోల్చి చూస్తూంటుంది. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం మిగిలినవాటికన్నా మరీ నెమ్మదించి ఆగిపోబోతుంటే, దాని ఒత్తిడి కాస్త తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. పొంగొస్తే మంట తగ్గించి, దిగగానే పెంచినట్టు. కాకపోతే ఇది సెకనులో ఎన్నోసార్లు చేస్తుంది. అప్పుడు పెడలు కాలికింద దడదడలాడుతుంది. భయపడి కాలు తియ్యకూడదు. మా నాన్నగారిలా తొక్కి వదలనూ కూడదు. గట్టిగా తొక్కి ఉంచి, స్టీరింగుతో తప్పించుకోవాలి. మిగతాది అది చూసుకుంటుంది.

*

ఇప్పుడు దీపం సంగతి. ఈ పెట్టె తన పని చేసుకుంటూనే తననీ తాను పరీక్షించుకుంటుంది. ఒక చక్రంనుంచి కబురు రాకపోతే, తప్పుడు లెక్కలతో బ్రేకుతో ఆడటం కన్నా పక్కకి తప్పుకోవడం మంచిదని, ఏబీఎస్ మటుకు ఆపేసి, పసుపు దీపం వెలిగిస్తుంది. మామూలు బ్రేకు పడుతూనే ఉంటుంది. అందుకే మావారు "బ్రేకు పడుతోందిగా" అన్నది నిజమే. అయితే వానలో, కొండమలుపులో ఉన్నట్టుండి తొక్కితే చక్రం బిగుసుకోకుండా కాపాడేవాళ్ళు లేరు. ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. పసుపు దీపంతోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం "పడుతోందిగా" అనకండి. పక్కకి తీసి ఆపెయ్యండి. అది మామూలు బ్రేకుకే చేటు కావచ్చు.

డ్యాష్‌బోర్డు మీద ఈ దీపాలకి అమెరికాలో ఒక ఎగతాళి పేరుంది, "ఇడియట్ లైట్లు" అని. పూర్వం ప్రతిదానికీ ముల్లున్న మీటరు ఉండేది, చదవడం వచ్చినవాడికి అన్నీ తెలిసేవి. తరవాత ఆ ముల్లు తీసేసి దీపం పెట్టారు. దీపం ఏదో బాగోలేదని మటుకే చెబుతుంది. ఏమిటో, ఎంతో, ఎక్కడో చెప్పదు. పసిపిల్ల ఏడుపులాంటిది. తల్లికి అర్థం కావాలంతే.

ఆ ఏడుపుకి మాటలు నేర్పినవాళ్ళు 1980ల ఇంజనీర్లు. లోపం కనిపించగానే దానికొక అంకె వేసి జ్ఞాపకం పెట్టుకోమని పెట్టెకి చెప్పారు. మరి ఆ అంకె బయటికి ఎలా చెప్పాలి? అప్పట్లో కార్లలో తెరలెక్కడివి? ఉన్నది దీపమే. కాబట్టి దీపంచేతే చెప్పించారు. జనరల్ మోటార్స్ కార్లలో ఒక సాకెట్లో రెండు చోట్లని చిన్న తీగతో కలిపితే చాలు. చాలామంది కాగితాలకు పెట్టే క్లిప్పునే వంచి పెట్టేవారట! దీపం ఒకసారి మినుక్కుమని, ఆగి, రెండుసార్లు మినుక్కుమంటే పన్నెండు. ముందు ఆ పన్నెండు చెప్పి, "నేను మాట్లాడగలుగుతున్నాను" అని నిరూపించుకుని, అప్పుడు అసలు లోపం అంకె చెప్పేది. టొయోటావాళ్ళదీ ఇలాంటి పద్ధతే. మెకానిక్కు మోకాళ్ళమీద కూర్చుని, పెన్సిలు పట్టుకుని, మినుకులు లెక్కపెట్టుకునేవాడు.

ఇది చదివినప్పుడు నాకు మన డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు బీచిలో కూర్చుని ఆ వెలుగు తిరగడం చూస్తుంటే ఊరికే వెలిగి ఆరుతోందనుకునేదాన్ని. నిజానికి ప్రతి లైట్‌హౌస్‌కీ తనదైన లయ ఉంటుంది. ఎన్ని మినుకులు, ఎంత విరామం అన్నది చూసి, చీకట్లో నావికుడు "ఇది విశాఖపట్నం" అని ఊరి పేరు చదువుకుంటాడు. చదవడం తెలిసినవాడికి అది ఊరు, తెలియనివాడికి ఒట్టి దీపం.

ఆ తరవాత మినుకుల కాలమూ పోయింది. మన టెలిగ్రాము 2013 జూలైలో సెలవు తీసుకున్నట్టే ఇదీ చరిత్రలో కలిసింది. 1996నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ స్టీరింగు కిందుగా పదహారు పిన్నుల సాకెట్టు ఒకటి తప్పనిసరి చేశారు. కోడ్లకీ ఒకే పద్ధతి పెట్టారు. ముందొక అక్షరం, వెనక నాలుగు అంకెలు. పి అంటే ఇంజను, గేరుబాక్సు. బి అంటే బాడీ. సి అంటే బ్రేకు, స్టీరింగులాంటి కింది భాగాలు. యు అంటే పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు. తరవాతి అంకె సున్నా అయితే అందరికీ ఉమ్మడి కోడు, ఒకటి అయితే ఆ కంపెనీ సొంత కోడు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ చట్టానికి మూలం కాలిఫోర్నియాలో కార్ల పొగ. అందుకని ప్రతివాడికీ చదివేలా తెరిచిపెట్టమన్నది పొగకి సంబంధించిన కోడ్లనే. బ్రేకు కోడ్లు చాలా కార్లలో కంపెనీ సొంత భాషలోనే ఉండిపోయాయి. బజారులో దొరికే చవకరకం రీడరు కొని తగిలిస్తే ఇంజను సంగతి చెబుతుంది కానీ, ఏబీఎస్ దీపం ఎందుకు వెలిగిందో చెప్పదు. దానికి ఖరీదైన స్కానరు కావాలి. అంటే, మన ప్రాణానికి దగ్గరైన బ్రేకు మాటే మనకి అర్థంకాకుండా ఉండిపోయింది!

మనదేశంలోనూ ఈ గొడవ నడిచింది. విడిభాగాలూ, కోడు చదివే పరికరాలూ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదు 2011లో కాంపిటీషన్ కమిషన్ దగ్గరికి వెళ్ళింది. 2014 ఆగస్టులో కమిషన్ 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022లో కేంద్రప్రభుత్వం మరమ్మతు హక్కు గురించి ఒక కమిటీ వేసి, ఆ ఏడాది చివర్లో పోర్టలు కూడా తెరిచింది. ఇదంతా పెద్ద కంపెనీల తగువులా కనిపిస్తుంది. నిజానికి మా వీధి చివరి పెద్దాయన బతుకు ఇందులో ఉంది.

*

ఆ పెద్దాయన దగ్గరికే మళ్ళీ వస్తాను. టేపు పీకగానే దీపం కళ్ళు తెరిచింది. ఆయన కొడుకు పలకలాంటి స్కానరు తెచ్చి సాకెట్టుకి తగిలించాడు. తెరమీద సి 0035 అని వచ్చింది. ముందు ఎడమ చక్రం వేగం చెప్పే సెన్సారు సర్క్యూటు.

"అయితే సెన్సారు మార్చేద్దాం. ఎంతవుతుంది?" అన్నారు మావారు.

"ఉండండి బాబూ. సెన్సారు పోయిందని సెప్పనేదు. ఆ దారిలో కబురు రాటం నేదని సెప్పింది. ఉత్తరం రాకపోతే రాసినోడు పోయినట్టా? పోస్టుమాను కూడా ఉంటాడు కదా!"

ఎంత చక్కటి మాట! కోడు రోగం పేరు కాదు, నొప్పి ఉన్నచోటు. సెన్సారు చెడి ఉండొచ్చు, పళ్ళ రింగుకి తుప్పు పట్టి ఉండొచ్చు, తీగ తెగి ఉండొచ్చు. సముద్రపుగాలి ఊరు మనది, ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఆయన చక్రం విప్పి, తీగ పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగాడు. ఎలక కొరికింది!

అత్తయ్యగారు అరుగుమీదనుంచే దణ్ణం పెట్టారు. వినాయకుడి వాహనం మా వాహనం సంగతి చూసిందన్నమాట. తీగ అతికి, తడి తగలకుండా తొడుగు వేసి, కోడు చెరిపి, వీధి చివరిదాకా నడిపి చూశారు. దీపం మళ్ళీ రాలేదు. కొడుకుని చూపించి ఆ పెద్దాయన అన్నాడు: "ఆడు సదువుతాడమ్మా, నాను తడుముతాను. రెండూ కావాల."

*

ఇంతటితో కథ కంచికి వెళ్ళాలి. కానీ గోపాలపట్నంలో ఉంటూ, మూసేసిన హెచ్చరిక గురించి రాసి, ఒక రాత్రిని తలుచుకోకుండా ముగించడం నావల్ల కాదు.

2020 మే 7 తెల్లవారకముందు, మా పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. లాక్‌డౌను రోజులు. జనం ఇళ్ళల్లో నిద్రపోతున్నారు. పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. రాష్ట్రప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో రెండు సంగతులు నేను మరిచిపోలేను. ఆ ట్యాంకులో వేడి కొలిచే ఏర్పాటు అడుగున మటుకే ఉంది, పైన ఎంత కాగుతోందో చెప్పేది లేదు. రెండోది, గేటుతో సహా 36 చోట్ల సైరను మోగించే వీలున్నా ఆ రాత్రి సైరను మోగలేదు.

కారు దీపానికీ దానికీ పోలికేమిటని మీరనవచ్చు. నిజమే, మా ఎలక కొరికిన తీగెక్కడ, ఆ రాత్రెక్కడ! కానీ నాకు రెండింట్లోనూ ఒకే పాఠం కనిపిస్తోంది. సెన్సారు ఉన్నచోటే చెబుతుంది, లేనిచోటు గురించి మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని మనం క్షేమమనుకుంటాం. హెచ్చరిక రాకపోవడం, ప్రమాదం లేకపోవడం ఒకటి కావు. బెర్తా బెంజ్ చెక్క బ్రేకు అరిగిపోతే తోలు కొట్టించింది. ఆ జర్మన్ ఇంజనీర్లు నమ్మకం లేక ఎనిమిదేళ్ళు ఆగారు. వాళ్ళెవరూ చెడుకబురు చెప్పే నోరు మూయలేదు. మా దీపం వెనక నల్లటేపు అంటించిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. కానీ "దీపం పోయిందిగా, చాలు" అని సంతోషించిన మనసు మాత్రం నాదే. ఆ టేపులో నావంతూ ఉంది.

ఇప్పుడు ఇంట్లో ఎవరు కారు తీసినా ఒక నియమం పెట్టుకున్నాం. తాళం సగం తిప్పి, ఆగి, దీపాలు లెక్కపెట్టాలి. అన్నీ వెలగాలి, తరవాత అన్నీ పోవాలి. అప్పుడే బండి కదలాలి. ఐదు సెకన్ల పని. మావారు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు ఆయనే పైకి లెక్కపెడుతున్నారు.

మొన్న శనివారం మళ్ళీ కొండకి వెళ్ళాం. ఈసారి మా అమ్మాయి నడిపింది. అప్పన్న స్వామి ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉంటాడు. అక్షయ తృతీయనాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. దేవుడు కప్పుకుంటే అందం. యంత్రానికి మాత్రం రోజూ నిజరూపమే కావాలి. తిరుగు ప్రయాణానికి అమ్మాయి తాళం తిప్పింది. ఎర్రవీ, పసుపువీ దీపాలన్నీ ఒక్కసారి దీపావళిలా వెలిగి, ఒక్కొక్కటే తప్పుకున్నాయి.

వెనకనుంచి అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగి అడిగారు.

"అన్నీ కొండెక్కాయిటే?"

"అన్నీ వెలిగే కొండెక్కాయి మామ్మా" అంది మా అమ్మాయి.

"అయితే పద" అన్నారావిడ.